పూత మీద మాట

పాండురంగారావుగారి కూతురు విజయరాణి రంగూన్ వెళ్ళింది చదువుకోవడానికి కాదట. మేనమామ పెళ్ళానికి పురుడొస్తే చాకిరీకి వెళ్ళిందట. పుట్టినవాళ్ళు కవలలట. రెండేళ్ళపాటు ఆ పిల్లల గుడ్డలు ఉతికి, ఉయ్యాల ఊపి, ఓడెక్కి తిరిగొచ్చిందట. నిజంగా కాలేజీ గడప తొక్కి ఉంటే ఇక్కడ ఏదో ఒక కాలేజీవాళ్ళు చేర్చుకునేవారు కారా? చేర్చుకోలేదంటేనే తెలియడం లేదూ?

నూజివీడు బజారులో ఈ మాట మొదట ఎవరన్నారో చెప్పడం కష్టం. కొట్ల అరుగుల మీదా, బావుల దగ్గరా, మామిడికాయలు బుట్టలకెత్తే పాకల్లోనూ తిరిగింది. తిరిగినకొద్దీ ఒళ్ళు చేసింది. కవలల్లో ఒకడు తండ్రి పోలికని, ఇంకొకడు తల్లి పోలికని చూసి వచ్చినట్టు చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు.

విజయరాణి ఆ మాటలు వినేది. వినడం ఆమెకు బాగా వచ్చు. తల్లి చిన్నప్పుడే పోతే, ఇంటికీ కొట్టుకూ నడుమనున్న తలుపు వెనక నిలబడి పెరిగిన పిల్ల. వచ్చినవాడు బేరానికి వచ్చాడా, ఊసుపోక వచ్చాడా అన్నది చెప్పుల చప్పుడును బట్టి కనిపెట్టేది. నలుగురిలో నోరు విప్పమంటే మాత్రం గొంతు పెగిలేది కాదు.

పాండురంగారావుగారిది మామిడి వ్యాపారం. రెడ్డిగూడెం చుట్టుపక్కల తోటలను పూత మీదే మాట్లాడుకుని, వేసవిలో కాయ దించి, గడ్డి పరిచిన బుట్టల్లో సర్ది పైఊళ్ళకు పంపేవారు. ఆయన మసిలే తోటల్లో పాతకాలపు రైతులకు ఒక పట్టింపు ఉండేది. పూత మీద నోరు పెట్టకూడదు. చెట్టు పూసి ఉండగా దాని కింద నిలబడి "ఇచ్చాను" అని రైతు అనడు, "కొన్నాను" అని వర్తకుడూ అనడు. అంటే పూత మాడిపోతుందని భయం. బేరమంతా తెమిలాక రైతు తలెత్తి చెట్టు వంక చూసి "చూద్దాం" అంటాడు. అంతే, తోట ఆ వర్తకుడిదైపోయినట్టే. ఆ తర్వాత ఇంకొకడు వచ్చి ఎంత ఆశ పెట్టినా రైతు కదలడు. పిందె అంతా గాలికి రాలిపోయినా వర్తకుడు వెనక్కి పోడు. "చూద్దాం" అన్నాక కాగితం రాసుకుందాం అనడమంటే, ఎదుటి మనిషిని మొహం మీదే దొంగా అనడం. పాండురంగారావుగారు ఆ మాట మీదే పెరిగారు, దాని మీదే ఇల్లు గడిపారు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు విజయరాణి స్కూలు ఫైనలు పాసయింది. ఇంటరు, ఆపైన బి.ఏ. చదివి ఆడపిల్లల హైస్కూల్లో పాఠాలు చెప్పాలని ఆమె కోరిక. గొంతు పెగలని మనిషి పాఠం ఎలా చెబుతుందో ఆమెకే తెలియదు. అయినా కోరిక అదే.

కాలేజీ అంటే బెజవాడ వెళ్ళాలి. నాయనమ్మ గోవిందమ్మ ఆ మాట గుమ్మం దాటనివ్వలేదు.

"బెజవాడలో మనకెవరున్నారే? హాస్టలా? పరాయి పంచన పిల్లను పడుకోబెట్టి నేనిక్కడ కంటినిండా నిద్రపోతానా?"

"రంగూన్‌లో అయితే మామయ్య ఉన్నాడుగా నాయనమ్మా" అంది విజయరాణి, ఉక్రోషంతో, నవ్వులాటకే.

గోవిందమ్మ నవ్వలేదు. చేటలో బియ్యం అలాగే పట్టుకుని ఆలోచనలో పడింది. భాస్కరరావు విజయరాణి తల్లికి తోడబుట్టినవాడు, చింతలపూడి మనిషి. చిన్నతనంలోనే రంగూన్ పోయి బట్టల కొట్టు పెట్టుకుని, అక్కడే పెరిగిన తెలుగువాళ్ళ పిల్లను చేసుకుని స్థిరపడ్డాడు. "వాడైతే మనవాడే. వాడింట్లో ఉంటే మనింట్లో ఉన్నట్టే" అంది చివరికి. నడుమ ఒక సముద్రం ఉందన్న సంగతి ఆవిడ లెక్కలోకి రాలేదు. ఆ విధంగా బెజవాడ దూరమైపోయి రంగూన్ దగ్గరైంది.

"రెండేళ్ళు" అంది గోవిందమ్మ. "ఆ తర్వాత వచ్చెయ్యాలి. మీ నాన్న బెజవాడలో కొట్టు పెడతానంటున్నాడుగా, అప్పటికి పెడితే నేనూ వచ్చి అక్కడుంటాను. ఇంకో రెండేళ్ళు చదువుకో. అంతకు మించి ఒక్కరోజు అడక్కు."

హైస్కూల్లో పాఠం చెప్పిన నారాయణరావు మాస్టారు సంగతి విని మెచ్చుకోలేదు, కాదనలేదు. "అమ్మాయ్, చదువు ఎక్కడ చదివినా చదువే. యూనివర్సిటీకి మాత్రం అలా కాదు. అక్కడ చదివింది ఇక్కడ చెల్లాలంటే వెళ్ళకముందే అడిగి ఒప్పించుకోవాలి. వచ్చాక అడిగితే వాళ్ళ దయ, మన ప్రాప్తం" అన్నారు.

రంగూన్ కాలేజీలో ఏమేం చెబుతారో రాసివున్న పుస్తకం మామయ్య తపాలాలో పంపాడు. మాస్టారు ఇక్కడిది తెచ్చారు. స్కూలు వరండాలో కూర్చుని విజయరాణి ఒక ఠావుకు నడుమ గీత గీసి, ఇటు ఇక్కడి పాఠాలు, అటు అక్కడి పాఠాలు రాసింది. ఇంగ్లీషుకు ఎదురుగా ఇంగ్లీషు. చరిత్రకు ఎదురుగా చరిత్ర. తర్కానికి ఎదురుగా తర్కం. ఒక్కొక్కటే జత కుదురుతుంటే ఆమెకు చిన్నపిల్లలా సంబరమైంది. రెండో భాష దగ్గర పెన్సిలు ఆగింది. ఇటు తెలుగు. అటు ఆ కాలేజీలో తెలుగు చెప్పేవాళ్ళు లేరు, బర్మీసు ఉంది, పాళీ ఉంది.

మాస్టారు ఆ ఖాళీ మీద వేలు పెట్టారు. "చిక్కంతా ఇక్కడుంది. తెలుగు బదులు పాళీ చదివితే ఒప్పుకుంటారా అని అడగాలి. ఒప్పుకోకపోతే ఏం చెయ్యమంటారో, అది కూడా అడగాలి. ఆ రెండో ముక్క మరిచిపోవద్దు. జవాబు రాతలో తెమ్మని నాన్నకు చెప్పు."

పాండురంగారావుగారు ఉతికిన పంచె కట్టుకుని, హనుమాన్ జంక్షన్ దాకా బస్సులోనూ, అక్కణ్ణించి రైల్లోనూ యూనివర్సిటీ ఉన్న ఊరు వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు దిగి ఇంటిదాకా నవ్వుకుంటూనే వచ్చారు. మాస్టారు అప్పటికే అరుగు మీద కాచుకుని ఉన్నారు. విజయరాణి తలుపు వెనక నిలబడింది.

"అయిపోయిందండి మాస్టారూ. చూద్దామన్నారు."

"చూద్దామన్నారా? ఎవరు?"

"అక్కడ గుమాస్తాగారండి. పెద్దమనిషి. మన అమ్మాయి రాసిచ్చిన కాగితం అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు తీసి, కిటికీలోంచి బయట వేపచెట్టు వంక చూశాడండి. చూసి, 'వెళ్ళి రానివ్వండి, వచ్చాక చూద్దాం' అన్నాడు."

"ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలో అడిగారా?"

"చూద్దామన్నాక ఒప్పుకోకపోవడం ఏంటండీ!"

"రాతలో ఏమైనా ఇచ్చాడా?"

పాండురంగారావుగారు గొంతు తగ్గించారు. "మాస్టారూ, తమకు తెలియదు గానీ, చెట్టు వంక చూసి మరీ అన్న మాట అది. ఆ మీదట కాగితం అడిగితే ఆయన మొహాన కొట్టినట్టు కాదూ? రేపు మనమ్మాయి పని ఆ చేతుల మీదుగానే జరగాలి."

మాస్టారు కండువా దులుపుకుని లేచారు. "పోనీ, ఒక ఉత్తరమైనా రాయండి" అన్నారు మెట్లు దిగుతూ. అలాగేనన్నారు పాండురంగారావుగారు. రాయలేదు.

తలుపు వెనక విజయరాణికి గుమాస్తా చూసిన చెట్టు కళ్ళకు కట్టింది. వేపచెట్టు. పూత మీద ఉన్న మామిడి కాదు. ఆఫీసులో కూర్చున్న మనిషి కిటికీలోంచి చూడక ఇంకెటు చూస్తాడు అని కూడా తోచింది. నాన్నను మళ్ళీ ఒకసారి అడగమనాలనుకుంది. మళ్ళీ అడిగితే వాళ్ళు కాదంటే? కాదంటే ఓడ లేదు, కాలేజీ లేదు. మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది.

బయలుదేరేనాడు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఎదిగిన పిల్లను సముద్రం దాటించి మగపిల్లలున్న కాలేజీలో వేస్తున్నామని చెప్పడానికి గోవిందమ్మకు మొహం చెల్లలేదు. "మేనమామ ఇంటికి, సాయానికి" అంది.

"పురిటికా పిన్నీ?" అంది పక్కింటావిడ.

సాయానికి అంటే మా వైపు అర్థం అదే. గోవిందమ్మ అవుననలేదు, కాదనలేదు. "ఓడ అంటే కళ్ళు తిరుగుతాయట, నిమ్మకాయలు పెట్టానో లేదో" అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

రంగూన్‌లో భాస్కరరావు కొట్టు కింద, ఇల్లు పైన. రెండు గదులు, ఒక వంటిల్లు. ఆయన యుద్ధమంతా ఆ ఊళ్ళోనే తల దాచుకున్న మనిషి. అత్త కల్యాణి వంటింటి అలమరా అరల్లో జపాను వాళ్ళ కాలపు నోట్లు పరిచి, వాటి మీద డబ్బాలు పెట్టేది. "వీటితోనే బియ్యం కొన్నామే. ఒక్క పూటలో చెల్లకుండా పోయాయి. పారెయ్యబుద్ధి కాక ఇలా పరిచాను" అని నవ్వేది. విజయరాణి కూడా నవ్వేది.

పాళీ క్లాసులో ఆమె ఒక్కతే తెలుగుపిల్ల. ఆ భాష ఆమెకు పరాయిగా అనిపించలేదు. ధర్మాన్ని ధమ్మం అంటుంది, కర్మాన్ని కమ్మం అంటుంది. తోటల్లో కాపలా ఉండే కొండయ్య పెద్దపెద్ద మాటలను నోట్లో వేసుకుని ఎలా మెత్తగా నలిపేవాడో, అలా ఉండేది. అక్కడ ఆమె ఎవరికీ ఎవరి కూతురూ కాదు, ఎవరి మనవరాలూ కాదు. ఒకనాడు లెక్చరరు చదవమంటే లేచి నిలబడి చదివింది. గొంతు వచ్చింది. గది చివరిదాకా వినిపించింది. ఆ తర్వాత రోజూ ఆమె చేతే చదివించేవారు.

రెండేళ్ళూ గడిచి ఇంటరు పాసయినప్పుడు కల్యాణి పాయసం వండింది. తింటుండగా పక్కన కూర్చుని, "ఇక్కడే ఉండిపోవే" అంది. "ఇక్కడే బి.ఏ.లో చేరు. నీ పరీక్ష ఇక్కడ చెల్లుతుంది, అడిగేవాడు లేడు. మీ నాయనమ్మకు మీ మామయ్య చేత రాయిస్తాను."

"అక్కడా చెల్లుతుందత్తా. చూద్దామన్నారు."

"చూద్దామంటే?"

విజయరాణి పూత సంగతి, రైతు చెట్టు వంక చూడటం, పూత మీద నోరు పెట్టకూడదనడం అంతా విడమరిచి చెప్పింది. చెబుతుంటేనే ఆమెకు ఎలాగో అయింది. నూజివీడులో అంత గట్టిగా నిలబడ్డ మాట, బస్సుల చప్పుడు వినబడే ఆ గదిలో పైకి చెబుతుంటే వదులుగా వినిపించింది. కల్యాణి చివరిదాకా విని, ఖాళీ గిన్నె తీసుకుని లేచింది. ఓడెక్కేటప్పుడు మాత్రం చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో విజయరాణి ఇల్లు చేరింది. ఊరంతా మాగిన రసాల వాసన. పాండురంగారావుగారు కూతురి సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ చూపించారు. దానిమీద ఉన్నది చదవగలిగినవాళ్ళు ఒకరో ఇద్దరో. నారాయణరావు మాస్టారు చదివి, "భేష్" అన్నారు. పాళీ అన్న మాట దగ్గర ఆయన చూపు ఒక్క క్షణం నిలవడం విజయరాణి కనిపెట్టింది.

యూనివర్సిటీకి అర్జీ పెట్టారు. జవాబు లేదు. తొలకరి పడింది, కాలేజీలు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి, జవాబు లేదు. చివరికి తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ బయలుదేరారు. పాండురంగారావుగారు ఒక బుట్ట నిండా చివరికోత రసాలు సర్ది, బస్సులోనూ రైల్లోనూ ఒళ్ళో పెట్టుకుని మోశారు.

అదే గుమాస్తా. అదే కిటికీ. బయట వేపచెట్టు అలాగే ఉంది.

"ఏ ఊరండీ?"

"నూజివీడండి. తమరు జ్ఞాపకం పెట్టుకోలేదేమో. ఈ అమ్మాయి విషయమై రెండేళ్ళ కిందట వచ్చాను. తమరికని నాలుగు పళ్ళు..."

"అయ్యో, రసాలే! నాకు మధుమేహమండీ. వాసన చూసి బతకమన్నాడు డాక్టరు." ఆయన మంచివాడే. కూర్చోమన్నాడు. కాగితాల కట్ట తెప్పించి, విప్పి, చదివాడు. చదువుతుండగానే తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు. "రంగూన్ ఇంటరుకు అభ్యంతరం లేదండీ. రెండో భాష దగ్గర కుదరదు. మా జాబితాలో పాళీ లేదు."

"తమరు చూద్దామన్నారండి" అన్నారు పాండురంగారావుగారు.

"అన్నాం. చూశాం. కుదరదు."

"కాదండీ. తమరు... అదుగో ఆ చెట్టు వంక చూసి, చూద్దామన్నారు."

గుమాస్తా కిటికీ వైపు తిరిగి చెట్టును చూశాడు. తర్వాత పాండురంగారావుగారి మొహం చూశాడు. వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. "చూద్దామంటే చూద్దామనేనండీ. అందులో ఇంకేముంటుంది?"

బుట్ట ఇంకా పాండురంగారావుగారి ఒళ్ళోనే ఉంది.

"ఇంటరు మొదటి ఏడులో చేర్పించండి" అన్నాడు గుమాస్తా, జాలిగా. "వచ్చిన పాఠాలే కదా, కళ్ళు మూసుకుని పాసవుతుంది."

అప్పుడు విజయరాణి నోరు విప్పింది. "తెలుగు ఒక్కటీ ఇప్పుడు రాస్తానండి. అదొక్కటీ రాయనిస్తే..."

"అక్కడ చదువుతుండగా రాయాల్సిందమ్మా. ఇలా పైదేశం వెళ్ళేవాళ్ళు ముందుగా రాతలో అడిగితే, తెలుగు ప్రైవేటుగా రాసుకోమని అనుమతి ఇస్తాం. కొలంబో వెళ్ళినవాళ్ళు ఒకరిద్దరు అలాగే రాసి, వచ్చి ఇక్కడ బి.ఏ.లో చేరారు కూడా. నువ్వు అడగలేదు కదా. అడగనిదానికి మేమేం ఇస్తాం?"

ఒప్పుకోకపోతే ఏం చెయ్యమంటారు. మాస్టారు మరిచిపోవద్దన్న రెండో ముక్క. తెలుగు ఆమెకు అన్నం తిన్నట్టు వచ్చు. రంగూన్‌లో పాళీ చదువుతూనే కాస్త పొద్దు మిగుల్చుకుంటే సరిపోయేది. గది, బల్లలు, వేపచెట్టు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఆమెకు కళ్ళమ్మట నీళ్ళు కూడా రాలేదు.

తిరుగు రైల్లో పాండురంగారావుగారు బుట్టను ఒళ్ళోంచి దించి కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు. ఏదో స్టేషన్లో బండి ఆగినప్పుడు, "వందకు పైన వేసే కొసరు కాయల్లాగా అయిపోయాయమ్మా నీ రెండేళ్ళూ. బుట్టలో ఉంటాయి, లెక్కలో ఉండవు" అన్నారు. ఆమెకు అనడానికి ఉన్నది ఒక్కటే. వేపచెట్టు సంగతి నాకు అప్పుడే తోచింది నాన్నా అని. అది అనలేదు. పళ్ళ బుట్ట ఇంటికి తిరిగొచ్చింది. ఎవరూ విప్పలేదు. అరుగు చివర మగ్గి, నీరు కారి, చివరికి పారబోశారు.

గోవిందమ్మ కేకలు వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేది.

"మళ్ళీ మొదటినుంచా? అంటే నాలుగేళ్ళు" అంది. "నేను రెండేళ్ళకు ఒప్పుకున్నాను. నాకు డెబ్బై దాటాయి. ఇంకో నాలుగేళ్ళు పిల్లను చేతుల్లో పెట్టుకు కూర్చోలేనురా."

విజయరాణి తండ్రి వంక చూసింది. ఆయన గట్టిగా ఒక మాటంటే నాయనమ్మ దిగివస్తుందని ఆమెకు తెలుసు. ఎన్నోసార్లు దిగివచ్చింది. ఆయన చేతికర్ర కింద పెట్టి, పైకి తీసి, మళ్ళీ కింద పెట్టారు. నోరెత్తలేదు. ఏ మొహంతో ఎత్తుతారు? బెజవాడలో కొట్టు మాట మళ్ళీ ఆ ఇంట్లో వినబడలేదు.

కల్యాణి దగ్గరికి తిరిగి వెళ్ళవచ్చునని కొన్నాళ్ళు ఒక ఆశ ఉండేది. సంక్రాంతి వెళ్ళేసరికి రంగూన్ శివార్లలో తుపాకులు పేలుతున్నాయని పేపర్లో పడింది. పాండురంగారావుగారు ఆ పేపరు మడిచి కూతురి కంటపడకుండా దాచారు. ఆమె అంతకుముందే చదివింది.

మాస్టారు బజారులో ఎదురుపడితే ఆగి కుశలం అడిగేవారు. ఒక్క ముక్క రాయించుకుని ఉంటే అని ఆయన ఏనాడూ అనలేదు. ఆ మాట అనకుండా ఉండటానికి ఆయన పడే అవస్థ చూడలేక, ఆమె ఆ వీధిన వెళ్ళడం మానుకుంది.

ఆ మాఘంలో తోటలు విరగబూశాయి. ఒక మధ్యాహ్నం కొండయ్య రెడ్డిగూడెం నుంచి నడిచివచ్చి, పెరటి గుమ్మం దగ్గర తలగుడ్డ తీసి నిలబడ్డాడు.

"అమ్మాయిగారూ, అయ్యగారికి ఒంట్లో బాగుంటుందాండీ?"

"బాగానే ఉంటున్నారు కొండయ్యా. ఏంటి?"

"ఏం చెప్పమంటారు. పెద్దకామందు తోటలో బేరం అంతా అయిందండి. ఎప్పట్లాగే ఆయన చెట్టు వంక చూసి చూద్దామన్నాడు. మన అయ్యగారు ఒక్కసారిగా లేచి, 'చూద్దామేంటయ్యా చూద్దాం! ఇస్తున్నావా, ఇవ్వవా? నోటితో చెప్పు, కాగితం మీద పెట్టు' అన్నారండి. పూత కింద నిలబడి! నా చెవులు నేనే నమ్మలేదమ్మా."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు. నీళ్ళచెంబు తెప్పించి పూత మీద చల్లించాడు, దిష్టి పోవాలని. 'పాండురంగారావుగారూ, మీరింక మా గట్టెక్కకండి' అన్నాడు. ఆ తోట అప్పుడే ఇంకొకరికి చూద్దామనేశాడండి. మిగతా రైతులు కూడా మాట్లాడుకుంటున్నారు."

"ఏమని?"

కొండయ్య చెప్పడానికి తటపటాయించాడు. "కూతురు రంగూన్ పోయొచ్చిందని పొగరెక్కిందంటున్నారు. ఇంకొందరు... పోనీలెండి అమ్మా. నాలుగు మెతుకులు పెట్టండి, ఎండనపడి వచ్చాను."

ఆ ఏడు పాండురంగారావుగారికి మిగిలింది ఊరి దాపున ఒక్క చిన్న తోట. వేసవిలో ఆ కాయ దించారు. పాకలో జీతానికి పెట్టుకునే మనుషులు చాలక విజయరాణి కూడా వెళ్ళి బుట్టలు సర్దింది. సొన తగిలి వేళ్ళ సందుల్లో చర్మం పొక్కింది. పాళీ పుస్తకం ఇంట్లో పెట్టె అడుగున ఉంది. మొదట్లో తీసి పైకి చదవబోయేది. పక్క గదిలో నాయనమ్మ కదిలిన చప్పుడైతే గొంతు ఆగిపోయేది. తర్వాత తీయడం మానేసింది.

పాకలో సత్యవతి అని మాటకారి మనిషి ఉండేది. ఒక పొద్దున కాయలు ఏరుతూ ఆమె తల ఎత్తింది.

"అమ్మాయిగారూ, కవలలంట కదండీ? ఇద్దరూ మగపిల్లలేనా?"

"ఊరుకోవే, ఆవిడ సిగ్గుపడుతున్నారు" అంది ఇంకొకామె.

"సిగ్గెందుకే? ఆవిడ కన్నారా ఏంటి, పెంచారు గానీ! రెండేళ్ళు చాకిరీ చేశారంటే తల్లి తర్వాత తల్లే." పాకంతా నవ్వింది. ఎగతాళి కొంత, జాలి కొంత.

విజయరాణి గడ్డి పరుస్తూ ఆగింది. పాక గుమ్మంలో గోవిందమ్మ చాప మీద కూర్చుని పచ్చడికాయలు వేరుచేస్తోంది. ఆవిడ చేతులు కూడా ఆగాయి. తల మాత్రం ఎత్తలేదు. కాదంటే ఆ రెండేళ్ళూ ఏం చేసిందో చెప్పాలి. చరిత్ర చెప్పాలి, తర్కం చెప్పాలి, పాళీ చెప్పాలి. పాసయ్యానని చెప్పాలి. పాసైతే మరి ఇక్కడెందుకున్నారమ్మా అంటే, వేపచెట్టు దగ్గర మొదలుపెట్టాలి.

"మాట్లాడరేంటండీ? బాగున్నారా పిల్లలు?"

"బాగున్నారు" అంది విజయరాణి. గొంతు తేటగా, పాక చివరిదాకా వినిపించేలా వచ్చింది. "ఇద్దరూ బాగున్నారు."

సత్యవతి తృప్తిపడి మళ్ళీ కాయల మీదికి వంగింది. గోవిందమ్మ కూడా తన పనిలో పడింది. విజయరాణి ఇంకో పిడికెడు గడ్డి తీసి బుట్టలో పరిచింది.

రంగూన్‌లో భాస్కరరావుకూ కల్యాణికీ పిల్లలు లేరు.